ఖాళీ ఓడలు

"ఆ ఆరు పళ్లాలూ ఎవరైనా ముట్టుకున్నారంటే చెయ్యి విరగ్గొడతా," అంది వంటామె.

భోజనాల గదిలో నవ్వులు ఆగిపోయాయి. అప్పటిదాకా కుర్రాళ్లంతా దళనాయకుణ్ని భుజాల మీదికెత్తుకుని గదంతా తిప్పుతున్నారు. పొద్దున్న మొదలైన ఉత్తుత్తి యుద్ధాన్ని మధ్యాహ్నానికల్లా గెలిచేశాడతను. సైనిక శిక్షణలో అదే ఆఖరి పరీక్ష. సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు కమాండర్ అతన్ని బ్యాచి కెప్టెన్‌గా ప్రకటిస్తాడని అందరికీ తెలుసు.

"వడ్డించి గంటయింది. ఆ ఆరుగురూ ఏరి నాయనా?" అంది దళనాయకుడితో.

"ఎవరు పిన్నీ?"

"నన్నడుగుతావేంటి? వాళ్లు నీ మనుషులా, నా మనుషులా?"

దళనాయకుణ్ని కిందికి దింపారు. అతను బల్లల వంక చూశాడు.

డ్రిల్లు మాస్టారు తినడం ఆపి, కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో గ్లాసు పక్కకి జరిపాడు. తక్కిన రెండూ నిజం యుద్ధంలో పోయాయి.

"నువ్వు వేసిన ఎత్తు ఇంకోసారి చెప్పు."

ఆ కథ అప్పటికే పదిసార్లు చెప్పాడు. ఇప్పుడు మాత్రం ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు.

"నేను చదివే నక్షత్రాల యుద్ధం కథల్లోది మాస్టారూ. సేనాని పాత అంతరిక్ష ఓడల్ని ముందు పంపిస్తాడు. శత్రువు తన గుండ్లన్నీ వాటి మీదే ఖర్చు పెట్టుకుంటాడు. అప్పుడు అసలు సేన వెనకనించి వచ్చి పడుతుంది. నేనూ అలాగే కొందర్ని కాలవగట్టుకి తీసుకెళ్లి ఎదురుగా నిలబెట్టాను. అవతలివాళ్లు అటు తిరిగారు. మేం ఇటునించి వంతెన పట్టుకున్నాం."

"ఆ పాత ఓడల్లో మనుషులున్నారా?"

"లేరు. ఖాళీ ఓడలు."

"మరి కాలవగట్టు మీద?"

"అక్కడున్నవి ఖాళీ బుర్రలు మాస్టారూ," అన్నాడు వెనక బల్ల నించి ఒకడు. ఎవరూ నవ్వలేదు.

"మా యుద్ధంలోనూ ఎర వేశారు," అన్నాడు మాస్టారు. "వేసిన లెఫ్టినెంటు కాల్పులు ఆగగానే వెనక్కొచ్చి, ఒక్కొక్కణ్నీ పేరు పెట్టి పిలిచి, పలికినవాణ్నల్లా మోసుకుపోయాడు. నేను పలికాను కాబట్టి ఇక్కడ కూచుని తింటున్నాను. సరే, నీవాళ్లెంతమంది పోయారు?"

"ఏడు... ఆరుగురు."

"ఏడా, ఆరా?"

"ఆరుగురే మాస్టారూ."

తలుపు దగ్గర కూర్చున్న రెఫరీ తలెత్తాడు. దెబ్బ తగిలినట్టు తేలినవాడి చేతికి ఎర్ర రిబ్బను కట్టడం అతని పని. "కాలవ దగ్గర ఏడు కట్టినట్టు గుర్తే నాకు. ఆ పొగలో ఎవరి మొహమూ కనపడి చావలేదు."

"ఒకటి జారి పడిపోయుంటుంది సార్," అన్నాడు దళనాయకుడు నేలచూపులు చూస్తూ.

రిబ్బను కట్టారంటే ఇక ఆ మనిషి చచ్చినట్టే. పడ్డచోటే పడుండాలి. తన నాయకుడు వచ్చి లెమ్మంటే తప్ప లేవకూడదు. శిబిరంలో అడుగుపెట్టిన మొదటిరోజే ఈ నియమం అందరిచేతా వల్లె వేయిస్తారు.

"పది గంటల నించీ అక్కడే ఉన్నారన్నమాట," అన్నాడు రెఫరీ. "నేను పోయి లేపుకొస్తానులే."

"నువ్వు లేపితే చెల్లదు," అన్నాడు మాస్టారు. "వాడే వెళ్లాలి."

దళనాయకుడు గుమ్మం దాటబోతుంటే వంటామె అడ్డొచ్చి నీళ్లడబ్బా చేతికిచ్చింది. "పట్టుకెళ్లు. చచ్చినవాళ్లకి దాహం వెయ్యదనుకున్నావేమో."

బయట సన్నగా జల్లు పడుతోంది. మాస్టారు, రెఫరీ అతని వెనకే నడిచారు. వాళ్ల బూట్ల చప్పుడు వింటూ, వెనక్కి తిరిగి చూడలేక, అతను ఇంకా త్వరత్వరగా నడిచాడు. కమాండర్ మైదానంలో కుర్చీలు వేయిస్తున్నాడు. వీళ్లని చూసి చెయ్యూపాడు. దళనాయకుడు చూడనట్టే వెళ్లిపోయాడు.

కాలవగట్టు కింద బురదలో ఆరుగురూ బోర్లా పడున్నారు. చొక్కాలు వీపులకి అతుక్కుపోయాయి. ఒకడి మెడ మీద చీమలు బారు కట్టాయి. వాడు దులుపుకోలేదు. పొద్దున్న ఎండకి చెవులు కమిలి ఎర్రబడ్డాయి, మధ్యాహ్నం వానకి కాళ్లు నానిపోయి తెల్లబడ్డాయి.

దళనాయకుడు నీళ్లడబ్బా కింద పెట్టి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తప్పయిపోయిందిరా. గెలిచిన సంబరంలో మిమ్మల్ని మర్చిపోయాను. మీ మొహాలు చూడ్డానికి సిగ్గుగా ఉంది. లేవండి."

ఎవరూ కదల్లేదు.

ఒక్కొక్కణ్నీ పేరు పెట్టి పిలిచాడు. ఆరు పేర్లూ అయిపోయాయి. ఒక్కడూ పలకలేదు.

"నన్ను తర్వాత తిట్టుకుందురుగాని. కావాలంటే నాలుగు తన్నండి. ముందు లేవండిరా, మాస్టారు చూస్తున్నారు."

జల్లు కాస్త పెద్దదయింది. మాస్టారూ రెఫరీ గట్టు మీద ఆగి నిలబడ్డారు.

"నేను మీ నాయకుణ్ని," అన్నాడతను. "ఆజ్ఞాపిస్తున్నాను. లేవండి."

అందరికంటే ఇవతల పడున్న బక్కోడు కళ్లు తెరవకుండానే మెల్లిగా అన్నాడు: "రిబ్బను మా అందరికంటే ముందు నీకే కట్టారు కదరా లీడరూ, చచ్చినవాడు లెమ్మంటే మేమెలా లేస్తాం? నీ చోటు ఖాళీగానే ఉంది, వచ్చి పడుకో."