అందరికీ ఒకటే పాస్‌వర్డు

పాస్‌వర్డు అడుక్కునేవాడొకడు ఊళ్లో తిరుగుతున్నాడని వీరవేణికి వాళ్ల తోటికోడలు చెప్పిందట. వీరవేణి గోడ మీంచి రామతులసికి చెప్పింది. రామతులసి అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పింది.

"ముందు ఇంటిపేరు అడుగుతున్నాడంట. ఆనక, మీ పాస్‌వర్డు మావుళ్ళమ్మ తల్లి పేరేనా అంటున్నాడంట. ఇంకా ఏదో చెప్పబోతుంటే వీరవేణి తోటికోడలు కుక్కని ఉసిగొల్పిందంట."

సత్యప్రసాద్ ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

అతని పాస్‌వర్డు మావుళ్ళమ్మే.

అతనిదే కాదు, ఊళ్లో అందరిదీ అదే.

ఇంటింటికీ సెల్‌ఫోను వచ్చిందిగానీ, ఇంటర్నెట్టుకి ఇంకా చంద్రరావు నెట్ సెంటరే దిక్కు. కిందటేడు అతనే ఊరందరి చేతా ఆన్‌లైన్ సేవింగ్స్ అకౌంట్లు తెరిపించాడు. బ్యాంకు గుమ్మం ఎక్కక్కర్లేదు, వడ్డీ ఎక్కువ, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు అన్నాడు. ఇంటిపేరూ పేరూ కలిపితే యూజర్ నేమ్. ఎవరూ మర్చిపోకుండా పాస్‌వర్డు మాత్రం అందరికీ అమ్మవారి పేరే పెట్టేశాడు.

"తల్లి పేరుంటే తల్లే కాపలా అండీ," అన్నాడు.

ఆ మాట ఊరికి నచ్చింది.

సత్యప్రసాద్ రెండు పంటల రొయ్యల డబ్బూ అందులోనే ఉంది. రేపు సోమవారం భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ వాటా రిజిస్ట్రేషను. ఆ వాటా కోసమే ఏళ్ల తరబడి చెరువు గట్టు మీద పడుకున్నాడు.

"వాడిప్పుడు ఎక్కడున్నాడు?"

"చంద్రరావు కొట్టు వైపు వెళ్లాడంట."

చెయ్యి కడుక్కోకుండానే బండి తీశాడు.

చంద్రరావు భోజనం చేసి అప్పుడే తిరిగొస్తున్నాడు. లోపల ఒక్క మనిషే ఉన్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. చంద్రరావు అకౌంట్ల పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని, ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొడుతున్నాడు.

తెర మీద సత్యప్రసాద్ పేరు.

ఇంటిపేరుతో సహా.

"ఒరేయ్!"

కాలరు పట్టుకుని కుర్చీలోంచి లేపాడు.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ! రెండుసార్లయింది. ఇంకొక్కసారి..."

"మూడోసారికి నా కొంప ముంచుదామనా?"

ఒక్కటిచ్చాడు. పళ్ల మధ్య నెత్తురు కనబడింది.

జనం పోగయ్యారు.

"ఏ ఊర్రా?"

"కాలవ అవతలండి."

"పేరు?"

"సామ్యేలండి."

"సామ్యేలుకి మా అమ్మవారి పేరుతో పనేంట్రా?" అన్నాడు వెనకనుంచి పల్లంరాజు.

ఎవరో నవ్వారు.

"నా పాస్‌వర్డూ అదే..."

మాట పూర్తి కాలేదు. ఈసారి పడ్డ దెబ్బ ఎవరిదో తెలీదు.

చంద్రరావు కంప్యూటర్ ముందు కూర్చుని పల్లంరాజు అకౌంటు చూశాడు.

తెరుచుకోలేదు. లాక్ అయింది.

వీరవేణిది చూశాడు. అదీ లాకే. ఆ పక్కింటిది, వెనకింటిది, చివరికి తనది కూడా.

"అన్నీ మూసేశాడండీ!" అన్నాడు చంద్రరావు. "ఆదివారం కదా, రేపు బ్యాంకు వాళ్లొచ్చేదాకా లోపల డబ్బుందో పోయిందో కూడా తెలీదు."

"నాది? నాది చూడవయ్యా!"

చంద్రరావు సత్యప్రసాద్ పేరు కొట్టాడు.

తెరుచుకుంది. డబ్బు పైసలతో సహా ఉంది.

సత్యప్రసాద్ కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

"మీరు సమయానికి వచ్చారు కాబట్టి మీదొక్కటే దక్కిందండీ," అన్నాడు చంద్రరావు.

నేల మీదనుంచి సామ్యేలు తల ఎత్తాడు.

"ఆయన పాస్‌వర్డు మార్చెయ్యండి బాబూ. ఇప్పుడే మార్చెయ్యండి."

"చూశారా? తన్నులు తిన్నా వీడి ధ్యాసంతా పాస్‌వర్డు మీదే!" అన్నాడు పల్లంరాజు.

ఆటోలో పడేసి స్టేషనుకి తీసుకుపోయారు.

తెల్లారి కొత్త చొక్కా వేసుకుని, భీమవరం బయల్దేరే ముందు సత్యప్రసాద్ చంద్రరావు కొట్టు దగ్గర ఆగి ఇంకోసారి అకౌంటు చూసుకున్నాడు.

సున్నా.

బ్యాంకు తెరిచే వేళకి సగం ఊరు స్టేషన్లోనే ఉంది. హెడ్ కానిస్టేబుల్ సూర్యప్రకాశం గారు ఫోన్లో బ్యాంకుతో మాట్లాడుతున్నారు. అందరి కళ్లూ ఆయన మొహం మీదే ఉన్నాయి.

ఫోను పెట్టేశారు.

"లాక్ అయినవన్నీ భద్రంగా ఉన్నాయంట. రూపాయి కదల్లేదు. ఎవడో, ఎక్కణ్నుంచో, రాత్రి మీ ఊరి అకౌంట్లన్నీ తెరవబోయాడంట. మూసి ఉన్నాయని వదిలేశాడంట."

రాసుకున్న కాగితం ఇంకోసారి చూసుకున్నారు.

"తెరుచుకున్నది ఒక్కటే."

సత్యప్రసాద్ వైపు ఎవరూ చూడలేదు.

"శనివారం కాలవ అవతల ఊళ్లో దోచిందీ వాడేనంట. అవీ మన చంద్రరావు తెరిపించిన అకౌంట్లే. అదే పాస్‌వర్డు."

చంద్రరావు బెంచీ మీదనుంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

హెడ్డు గారు లాకప్పు తలుపు తీశారు. సామ్యేలు గోడ పట్టుకుని లేచాడు.

"మా ఊళ్లో ఒక ముసలాయన, కళ్లు సరిగా ఆనక తప్పు కొట్టీ కొట్టీ లాక్ చేసుకున్నాడండి. మూడు తప్పులకి మూసుకుపోద్దంట. ఊరందరిలో ఆయన డబ్బే మిగిలింది. అందుకని మీవి కూడా మూసేద్దామని..."

సత్యప్రసాద్‌కి దుఃఖమో కోపమో తన్నుకొచ్చింది.

"ఆ ముక్క నిన్ననే చెప్పి ఏడవొచ్చుగా!"

సామ్యేలు వాచిన దవడ తడుముకున్నాడు.

"శనివారం అందరికంటే ముందు పోయింది నా డబ్బేనండి. తెల్లారకుండా మీ ఊరొచ్చి ఇంటింటికీ చెప్తానే ఉన్నా. చెప్తుంటేనే కదండీ కొట్టారు."