బట్టమేక గుడ్డు

అడిగిన బొమ్మను ఇంటి గోడలే గీసిపెట్టే కాలం వచ్చాక, చేత్తో గీసినవి కొనేవాళ్లు కరువయ్యారు. నాంచారమ్మ 'బట్టక్క' అనే కళ్లజోడు పెట్టుకున్న పిట్ట పాత్రను సొంతంగా పుట్టించి, ఆ బొమ్మలమ్మిన డబ్బుతోనే అంతరించిపోతున్న బట్టమేక పిట్టల్ని సాకింది. పిట్టలన్నీ పోయి ఇప్పుడొక్క గుడ్డు మిగిలింది. బాకీ డబ్బు కట్టకపోతే గుడ్డు పొదిగే పెట్టెకు సాయంత్రం కరెంటు ఆపేస్తామని కరెంటువాళ్లు అన్నారు.

తెర మీద ఒకావిడ బేరమాడుతోంది. "ఈ పిట్టెవరికి తెలుసండీ? మా పాపకి చిలక కావాలి."

"చిలకనే గీస్తానమ్మా. డబ్బు మాత్రం ఇప్పుడే పంపండి."

"ముందు బొమ్మ చూడనివ్వండి."

బొమ్మ సగంలో ఉండగానే పెట్టెలో దీపం ఆరిపోయింది. నాంచారమ్మ గుడ్డును కొంగులో చుట్టి ఎడమ చంకలో పొదువుకుంది. జారిపోతుందేమోనన్న భయంతో బిగుసుకుపోయి చిలక ముక్కు దిద్దింది.

"గీత వణికిందేంటండీ?"

"చేత్తో గీసిందమ్మా, అలాగే ఉంటుంది."

డబ్బు వచ్చేదాకా ఆమె ఊపిరి కూడా మెల్లగానే తీసుకుంది.