పగవాడి సాక్ష్యం

పింగాణీ గిన్నె తామ్ విన్ ముక్కు మీద పగిలింది. నెత్తురు అన్నంలోకి కారింది. లూయీ హొయ్ బల్ల మీదుగా దూకి, అతడి జుట్టు పట్టుకుని తలను నేలకేసి కొట్టాడు.

“ఓరి నీ దుంపతెగ! చచ్చిపోతాడ్రా, వదులు!” వంటవాడు కేక పెట్టాడు.

“చావనీ! తామ్ వంశంలో ఒకడు తగ్గుతాడు!”

వలస వచ్చినవాళ్లను విచారణకు ఆపి ఉంచే ఆ దీవిలోని భోజనశాల అంతా లేచి నిలబడింది. ఎదురుగా శాన్‌ఫ్రాన్సిస్కో కనిపిస్తూనే ఉంటుంది. కానీ చైనా కూలీలను అక్కడ దిగనివ్వరు, వర్తకుల కొడుకులనైతే దిగనిస్తారు. అందుకే లేని తండ్రిని చూపించి వచ్చేవాళ్లు చాలామంది. హొయ్ విచారణలో ఓడిపోయి, తిరుగు ఓడ కోసం ఎదురుచూస్తున్నాడు. విన్ మాత్రం నగరంలోని తామ్ అనే వర్తకుడి కొడుకునంటున్నాడు. అధికారికి నమ్మకం కుదరలేదు. అది తేలేది ఆ మధ్యాహ్నమే.

కాపలావాళ్ల లాఠీ దెబ్బలకు హొయ్ వేళ్లు విరిగాయి. అప్పటికిగాని విన్ జుట్టు వదల్లేదు.

ఇద్దరినీ ఈడ్చుకెళ్లి అధికారి ముందు నిలబెట్టారు.

“ఎందుకు కొట్టావురా?” దుబాసీ అడిగాడు.

“వీడి బాబు మా పొలం కాజేశాడు. మా నాన్న ఆ గట్టు మీదే ప్రాణం తీసుకున్నాడు.”

“వీడసలు తామ్ కొడుకే కాదని దొరగారి అనుమానం. నువ్వు నిజం చెబితే నీ కేసు మళ్లీ చూస్తారట. చెప్పు, ఎవడు వీడు?”

హొయ్ నోట్లోని నెత్తురు ఉమ్మాడు. గోడకు ఆనుకున్న విన్ కళ్లు మూసుకున్నాడు. ఒక్క మాట చాలు, ఒకడు దిగిపోతాడు, ఇంకొకడు ఓడెక్కుతాడు.

“కాకపోతే బాగుండును,” అన్నాడు హొయ్. “ఆ దొంగ తామ్ కొడుకే. చంకనేసుకుని ఊరంతా తిప్పేవాడు వాడి బాబు. కాల్చి బూడిద చేసినా గుర్తుపడతా.”

దొర తలూపాడు. మేలు చేయడానికి పగవాడు అబద్ధమాడడు కదా. విన్‌ను దిగనివ్వమన్నాడు.

“మరి నా కేసు?”

“కొట్లాటగాళ్లకు ఈ దేశంలో చోటు లేదంటున్నారు,” అన్నాడు దుబాసీ.

గడప దగ్గర విన్ వెనక్కి చూశాడు.

“ఏం చూస్తావురా కుక్కా! నడు!” హొయ్ తన్నబోయాడు. ఈసారి లాఠీ తల మీద పడింది.

వంకరపోయిన వేళ్లతో మూట మోసుకుంటూ హొయ్ చైనాలోని తన ఊరు చేరాడు.

గుమ్మంలోనే తల్లి అడిగింది: “తమ్ముణ్ణి దిగనిచ్చారా?”