మూడో కూత

ఇప్పుడు బడి పిల్లలందరిచేతా నెలకోసారి కంప్యూటర్లో భయం ఆట ఆడిస్తున్నారు. ఎవరి భయాలతో వాళ్లకే ఆ ఆట తయారవుతుంది. అందులో కనిపించే గుర్తులకి అర్థం చెప్పడం నా ఉద్యోగం. పిల్లల పేర్లు తీసేసి పంపుతారు. ఆరేళ్లుగా చూస్తున్నాను, కన్నవాళ్లంటేనే ఒళ్లు మండిపోతోంది.

ఈ సాయంత్రం కుక్కర్ పొయ్యి మీద పెట్టి, కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఫోన్లో ఒక ఆట చూశాను. చీకటి ఇల్లు. ఎక్కడో రైలు కూస్తోంది. మూడో కూతకి ముఖం లేని ఒకావిడ నడవాలోంచి వస్తుంది. పాప మంచం కింద దూరుతుంది. ఆవిడ వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి.

నాకు నిమిషం కూడా పట్టలేదు. "అది రైలు కాదు, కుక్కర్. వేళ్లకున్నది రక్తం కాదు, ఎర్ర సిరా. అన్నం ఉడకగానే తల్లి హోంవర్క్ దిద్దడానికి వస్తోంది. ముందు ఆవిడని పిలిచి గడ్డి పెట్టండి" అని రాసి పంపేశాను.

కాసేపటికి బడి నుంచి సుగుణ టీచర్ ఫోన్ చేసింది.

"మేడమ్, ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఆ ఆట మీ చిన్మయిది."

వంటింట్లో రెండో విజిల్ వచ్చింది.

మూడోది రాకూడదని పరుగున వెళ్లి స్టవ్ కట్టేశాను. నా అడుగుల చప్పుడుకి, పిల్ల గదిలో లోపల్నుంచి గడియ పడింది.