వేడి లేని వెలుగు

“ఇంకోసారి ఫ్యూజు పోయిందంటే మీ సామానంతా రోడ్డు మీద పెట్టిస్తాను,” అని ముఖమ్మీదే చెప్పేసి వెళ్లిపోయాడు హాలు మేనేజరు.

బామ్మర్ది అలాగేనని తలూపాడు. ఊపక చేసేదేముంది? పార్టీలకి పాటలూ దీపాలూ పెట్టే డిస్కో వ్యాను వేసుకుని ఊరూరా తిరిగిన రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు పిలిచేది ఈ ఒక్క హాలువాళ్లే. ఇదీ పోతే వ్యాను తెగనమ్మడమే. బావ ఇంట్లో గోడలు లెక్కపెట్టుకుంటాడు, తను ఎవడి బండో తోలుకుంటాడు.

స్టేజీ పక్కన బావ పాత హాలోజెన్ దీపాలను స్టాండుకి బిగిస్తున్నాడు. ఎడమ నుంచి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఈ వరస తప్పితే ఒంటికాలి మీద లేస్తాడు. ఒక్కో స్విచ్ వేసి, దీపం ముందు అరచెయ్యి పెట్టి, చలి కాచుకున్నట్టు కాసేపు ఉంచి, “ఊఁ, ఇది బతికే ఉంది,” అంటూ పక్కదాని దగ్గరికి జరుగుతున్నాడు.

“విన్నావుగా బావా, మేనేజరు మాట?”

“పొద్దున్నే ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే వాడికి తిన్నది అరగదు.”

“తిట్టడా మరి? ఈ కొలుములు తాగే కరెంటుకి ఏ ఫ్యూజు నిలబడుతుంది? ఎల్‌ఈడీలు పెడదామని నా గొంతు అరిగిపోయింది. కరెంటు తాగవు, బల్బు పేలదు, చెయ్యి కాలదు. ఒక్క దీపంలోనే అన్ని రంగులూ వస్తాయి.”

“అదే వద్దంటున్నా. అన్ని రంగులూ ఒక్కదాంట్లోనే వస్తే ఏది ఏ రంగో ఎవడికి గుర్తుంటుంది?”

“గుర్తెందుకు? పాటను బట్టి అదే మారుతుంది.”

“అదే మారితే మధ్యలో నేనెందుకురా, దిష్టిబొమ్మలా?”

బామ్మర్ది ఫోను తీసి బావ ముక్కు దగ్గర పెట్టాడు. “షాపువాడు వీడియో పంపాడు, చూడు.”

బావ దాన్ని చేత్తో పక్కకి నెట్టేశాడు. “వీడియోల్లో చింకిచాప కూడా తివాచీలా ఉంటుంది. తియ్యవతల.”

స్పీకరు మీద కూర్చుని వైర్లు చుడుతున్న అక్క తలెత్తింది. “పాతవే ఉండనియ్యరా. ఆయన చెయ్యి వాటికి అలవాటు పడిపోయింది.”

“వచ్చావూ, వత్తాసుకి! ఈమధ్య మీ ఇద్దరిదీ ఒకటే జట్టు.”

ఆ మాట నిజం. ఒకప్పుడు ఈ మోతకి తలనొప్పని అక్క హాలు గడప తొక్కేది కాదు. ఇప్పుడు ప్రతి పార్టీలోనూ మొగుడి భుజానికి అంటుకుపోయి నిలబడి చెవిలో ఒకటే గుసగుసలు. వ్యాను దిగడం కూడా చేతులు పట్టుకునే. “ఈ వయసులో కొత్త కాపురం!” అని జనం నవ్వుతుంటే బామ్మర్దికి తల కొట్టేసినట్టుండేది.

ఆ అక్క జ్వరమొచ్చి రాలేకపోయిన రోజునే కొంప మునిగింది. అదొక పెళ్లి పార్టీ. కొత్త జంట డాన్సుకి ఎర్ర వెలుగు అడిగితే బావ ఆకుపచ్చ వేశాడు. పెళ్లికూతురు కప్పలా కనిపించింది. దీపాలు తుడుస్తూ వాటి ముందుండే రంగు కాగితాలు తారుమారు చేసింది బామ్మర్దే, కాదనడు. కానీ పాట అయ్యేదాకా బావ దాన్ని మార్చలేదు. చుట్టాలు మీద పడితే, “ఇప్పుడదే ఫ్యాషన్,” అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. అంత పొగరు! వాళ్లు ఊరంతా టముకు వేశారు. పిలుపులు రాలిపోవడం అప్పుడే మొదలైంది.

“ఒకటే మాట బావా,” అన్నాడు బామ్మర్ది. “షాపువాణ్ని బతిమాలి ఎల్‌ఈడీల సెట్టు తెచ్చాను. వ్యానులో ఉంది. సాయంత్రం పార్టీకి అవి పెట్టుకుందాం. కాదంటావా, ఇవిగో తాళాలు. వ్యాను నువ్వే నడుపుకో.”

అక్క చేతుల్లో వైరు ఆగిపోయింది. ఎర్ర దీపం ముందు పెట్టిన చెయ్యి బావ తియ్యలేదు.

“వేడి అస్సలుండదా?” అని అడిగాడు చివరికి.

“ఉండదు.”

“చప్పుడు?”

“చీమ నడిచినంత కూడా ఉండదు. వీటిలాగా జుయ్యిమని మూలగవు.”

“వేడీ లేక, చప్పుడూ లేక... దీపమంటారా దాన్ని? శవంలాగా.”

“ఆ శవాలకే పిలుపులొస్తున్నాయి బావా. మనకే రావట్లేదు.”

బావ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. హాలోజెన్ స్విచ్‌లు ఒక్కొక్కటే కట్టేశాడు. వాటి నెత్తిన చెయ్యి వేసి, పూర్తిగా చల్లారేదాకా అలాగే నిలబడ్డాడు.

“బిగించుకో,” అన్నాడు. “నువ్వు కూడా పోయాక నేను చేసేదేముంది?” తర్వాత పెళ్లాంతో, “నువ్వెళ్లి టీ పట్టుకురా,” అన్నాడు.

“నేనిక్కడే ఉంటాను.”

“వెళ్లమన్నానా. ఎన్నాళ్లని నా పక్కన నిలబడతావు? నా తంటాలు నన్ను పడనీ.”

అక్క వెనక్కి తిరిగి చూసుకుంటూనే వెళ్లింది.

బామ్మర్ది కొత్త దీపాలు వరసగా బిగించి, కిటికీల పరదాలన్నీ మూసేశాడు. చీకట్లో స్టాండు ఇనుప కడ్డీ పట్టుకుని బావ వచ్చి దీపాలకి ఎదురుగా నిలబడ్డాడు. పాత అలవాటు ప్రకారం అరచెయ్యి చాచాడు.

బామ్మర్ది రిమోటు నొక్కాడు.

హాలంతా తెల్లగా భగ్గుమంది. మూలన పేర్చిన కుర్చీలు, గోడల మీద చెమ్మ మరకలు, బావ గడ్డంలో నెరిసిన వెంట్రుకలు, అన్నీ విడివిడిగా కనిపించాయి. ఆ ధాటికి బామ్మర్దే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బావ మాత్రం ముఖం తిప్పలేదు. ఎంత మొండిఘటం! బాగుందనకపోతే పోయె, కనీసం తిట్టొచ్చు కదా అని బామ్మర్ది కాచుకుని నిలబడ్డాడు.

“ఇంకెంతసేపురా, వెలిగించు,” అన్నాడు బావ.