సర్ ఆబ్రీ మాట

"కాగితం మీద రాసివ్వండి," అంది మోర్వెన్ కెయిర్డ్, ఆసుపత్రి మంచం మీద నుంచి.

సర్ ఆబ్రీ ఫెన్విక్‌కి ఒళ్ళు మండింది. తెచ్చిన ద్రాక్షపళ్ళ సంచి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పార్లమెంటులో ఆయన జుట్టు నెరిసింది. ఇంతవరకూ ఎవరూ ఆయన్ని కాగితం అడిగిన పాపాన పోలేదు.

"ఏం రాయాలమ్మా?"

"ఇవాళ మీరు ఓటెయ్యరని. నేను వెయ్యలేను కాబట్టి."

అది అక్కడి పద్ధతే. ఒక పక్షంలో ఒకరు మంచం పడితే, ఎదుటి పక్షంలో ఒకరు మర్యాదకి ఓటు మానుకుంటారు. చట్టంలో లేదు, పుస్తకంలో లేదు. ఇద్దరి మధ్య మాట, అంతే.

ఇవాళ ఓటింగు మోర్వెన్ తెచ్చిన బిల్లు మీదే. దేశానికి రాజ్యాంగాన్ని ఒక పుస్తకంగా రాసిపెట్టాలని ఆమె సగం జీవితం ధారపోసింది. తీరా రోజు వచ్చేసరికి తుంటి ఎముక విరిగింది. వీళ్ళిద్దరూ ఓటెయ్యకపోతే బిల్లు ఒక్క ఓటుతో గట్టెక్కుతుంది. ఓట్లు సమానమైతే మాత్రం సభాపతి తన ఓటు పాత పద్ధతికే వేస్తాడు, బిల్లు పోతుంది. అదీ ఎక్కడా రాసి లేదు, ఆనవాయితీ.

"కుదరదంటే ఇప్పుడే చెప్పండి. అంబులెన్సులో వచ్చేస్తాను. డాక్టరు తిట్టుకుంటే తిట్టుకుంటాడు."

"విరిగిన ఎముకతోనా? పిచ్చి తల్లీ, నీ రోగం తుంటిలో లేదు. ఎవర్నీ నమ్మకపోవడంలో ఉంది. మీ ఆయన దగ్గర కూడా పొద్దున్నే సంతకం పెట్టించుకుంటావా?"

"మా ఆయన మీ పార్టీలో లేడు."

సర్ ఆబ్రీ నవ్వాడు. "రాజ్యాంగం రాసుకున్న దేశాల్ని చూడ్డంలా? నచ్చనప్పుడల్లా చించేసి కొత్తది రాసుకుంటాయి. మనకి సిగ్గూ శరం ఉన్నాయి కాబట్టే కాగితం అక్కర్లేకపోయింది. నలుగురిలో తలెత్తుకోలేమనే భయం ఉందే, అదే మన రాజ్యాంగం."

"అదీ లేనివాడొస్తే?"

"అలాంటివాణ్ణి మనం లోపలికి రానివ్వం."

మోర్వెన్ ఆయన వంక చూసింది. ముసలాయన వానలో వంతెన దాటి నడిచొచ్చాడు. కోటు భుజాలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"సరే, మీ మాట మీద ఉంటాను. అంబులెన్సుని మాత్రం సాయంత్రం దాకా కిందే ఉంచుతాను."

"నీ ఇష్టం తల్లీ," అన్నాడు సర్ ఆబ్రీ. మెట్లు దిగుతూ మనసులోనే ఆమెని కడిగి పారేశాడు.

సాయంత్రం, కిటికీ పక్కన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు. డోరీన్ అడక్కుండానే టీ, జీలకర్ర కేకు తెచ్చి పెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఆయనకి టీ పోస్తున్న మనిషి. మూలన టీవీలో చర్చ నడుస్తోంది. మోర్వెన్ పార్టీ కుర్రాడొకడు చేతులు ఊపుతూ అరుస్తున్నాడు.

"ఏమిటో దొరగారూ, ఇన్నాళ్ళూ రాయకపోతే నడవలేదా?" అంది డోరీన్.

"నడిచింది కదా, అదే వీళ్ళ ఏడుపు. ఆవిడకి నా దగ్గర కాగితం కావాలట."

"మీ దగ్గరా!" డోరీన్ బుగ్గలు నొక్కుకుంది.

ఆ అవమానం ఆయనకి ఇంకా అరగలేదు. మాట మీద నమ్మకం పోయాక ఈ దేశంలో మిగిలేదేముంది? తాతలనాటి మర్యాదంతా ఈ గుమాస్తా బుద్ధులవాళ్ళ చేతిలో పెట్టాలా? ఆ పుస్తకం వచ్చిందంటే పెద్దమనిషి మాటకి పూచికపుల్ల విలువుండదు.

అయినా మర్యాద మర్యాదే. ఫోను దగ్గరికి లాక్కుని ఆసుపత్రికి చేశాడు.

"ఎలా ఉందమ్మా?"

"నొప్పిగా ఉంది. అంబులెన్సు కిందే ఉంది. మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? నా కుర్చీలో కాళ్ళు చాపుకుని, డోరీన్ పెట్టిన కేకు తింటున్నాను. ద్రాక్షపళ్ళు తిన్నావా?"

అవతల సంచి విప్పుతున్న చప్పుడైంది.

"క్షమించండి సర్ ఆబ్రీ," అంది మోర్వెన్, గొంతు తగ్గించి. "మీ అంతటివారిని కాగితం అడిగాను. సిగ్గుగా ఉంది. అంబులెన్సుని పంపేస్తున్నాను."

"మంచిపని చేశావు. ఇక నిశ్చింతగా పడుకో తల్లీ."

ఫోను పెట్టేశాడు. కప్పులో మిగిలిన టీ తాగాడు. ఓటింగు గంట మోగింది.

సర్ ఆబ్రీ మీసాల మీది కేకు పొడి దులుపుకుని, పార్లమెంటు టీ గది తలుపు తోసుకుని బయటికొచ్చి, బిల్లు వద్దని ఓటేసేవాళ్ళ వరసలో చివరివాడిగా వెళ్ళి నిలబడ్డాడు.