నల్లగళ్ళ తరగతి

ఒక్క ముఖమూ చూడకుండా అరవైమంది విద్యార్థులకు ఏడాదిపాటు గణాంకశాస్త్రం చెప్పిన పంతులమ్మ ఈ భూప్రపంచం మొత్తానికి ఒక్కావిడే. కావలిస్తే పందెం.

ఆన్‌లైన్ డిగ్రీ తరగతి అది. సాయంత్రం నాలుగింటికి తెర తెరిస్తే అరవై నల్లగళ్ళు. కెమెరా పెట్టమని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఆవిడకి చెవులు చాలు. ప్రశ్న వేసి, నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరికి అందిందో, ఎవరు గుటకలు మింగుతున్నారో ఇట్టే పసిగట్టేస్తుంది. కుట్టుమిషను ఆగిందంటే దర్జీకి లెక్క అంతుపట్టలేదని గుర్తు. పసిపిల్ల ఏడుపు అందుకుంటే ఆ తల్లికి రెండు నిమిషాలు గడువు.

ఆవేళ తరగతిలోకి పరిశీలన అధికారి ఊడిపడ్డాడు. అధ్యాపకులంతా చాటున భూతద్దం అని పిలుచుకునే మనిషి. తన ఆఫీసు గదిలోంచే, తెరనిండా తన ముఖం పెట్టుకుని మరీ.

పంతులమ్మ పట్టించుకోలేదు. "సగటున పది నిమిషాలకో బస్సు. మరి మనం వెళ్ళి నిలబడినప్పుడు, రెండు బస్సుల మధ్య ఖాళీ సగటున పదికన్నా ఎక్కువే ఎందుకుంటుంది?"

కుట్టుమిషను ఆగింది. ఆవిడ కాచుకుంది. చివరికి ఆఖరి గడిలోంచి, ఎప్పట్లాగే గొంతు లేకుండా, అక్షరాలు వచ్చాయి. "పెద్ద ఖాళీ ఎక్కువసేపు ఉంటుంది గనక, మనం వెళ్ళి అందులో పడే అవకాశమూ ఎక్కువే."

"భేష్!" అంది పంతులమ్మ.

"భేషేమిటమ్మా? ఆ గడిలో అసలు మనిషున్నట్టు ఏమిటి రుజువు?" భూతద్దం అందుకున్నాడు. "ఏడాదిగా నోరు విప్పలేదట. ఏ యంత్రమో జవాబులు కక్కుతోంది. అందరిచేతా కెమెరాలు పెట్టించండి. లేదా తరగతి రద్దు. రేపట్నుంచి వీళ్ళు నా రికార్డు పాఠాలు చూసుకుంటారు. బొమ్మలూ సంగీతం అన్నీ ఉన్నాయి."

"పెట్టించనండి."

"ఏమన్నారూ?"

"పెట్టించనన్నాను. వాళ్ళ బుర్రలతో నాకు పని. ముఖాలతో ఏం పని? నేనేమైనా ఫొటో స్టూడియో నడుపుతున్నానా?"

"ఉద్యోగం జాగ్రత్త!"

"జాగ్రత్తగానే చేసుకుంటున్నాను. మధ్యలో మీరే అడ్డం వచ్చారు."

ఏదో గడిలో కిసుక్కుమని నవ్వు. తర్వాత దర్జీ గొంతు. "మేడమ్, మన తరగతి పోకూడదు. మేమే తెరుస్తాం."

"అక్కర్లేదు నాయనా."

"మీరు చెప్పలేదుగా. మా ఇష్టం."

గళ్ళు ఒక్కొక్కటే వెలిగాయి. మెడలో టేపుతో దర్జీ. భుజాన పిల్లతో తల్లి. లారీ కిందనుంచి గ్రీజు పూసుకున్న మెకానిక్కు. టిక్కెట్ల కిటికీ వెనక ఒకామె, క్యూకి ఒక చెవి, పాఠానికి ఒక చెవి ఇచ్చి. ఒక్కరూ తల దించలేదు. ఆఖరి గడి ఒక్కటే ఇంకా నల్లగా ఉంది. పంతులమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, "సరే, బస్సు దగ్గరున్నాం కదా," అని పాఠం అందుకోబోయింది.

భూతద్దం మరింత రెచ్చిపోయాడు. "పనివేళల్లో చదువులా? వీళ్ళ పైవాళ్ళకి కళ్ళు లేవా? నా దగ్గరైతే ఒక్క నిమిషం సాగనిస్తానా!" వెనక్కి తిరగకుండానే కేకేశాడు. "గుమాస్తమ్మా, రాసుకో. ఈ తరగతి రద్దు."

"ఒక్క క్షణం సార్," అని ఆయన వెనకనుంచి వినబడింది.

ఆఖరి గడి వెలిగింది.

అరవై అన్నది నా కోతేనండీ, ఉన్నవి నలభై గళ్ళే. కానీ ఆ నలభయ్యో గడిలో అందరూ చూసింది మాత్రం పొల్లుపోని నిజం: కుర్చీలో కూర్చుని తెరకేసి వేలు ఊపుతున్న భూతద్దంగారి వీపు.